ఫ్రాన్స్ పల్లెల్లో తీరికైన సెలవులు: కారవాన్ మేలా, మోటార్‌హోమ్ మేలా?

వసంతం మొదలయ్యేసరికి ఇంగ్లండులోని తెలుగు మిత్రులు నన్ను తప్పక అడిగే ప్రశ్న ఇది. ఫ్రాన్స్ పల్లెల్లో తొందర లేకుండా కొన్నాళ్ళు గడపడానికి కారు వెనుక తగిలించి లాగే కారవాన్ మంచిదా, ఇల్లూ ఇంజనూ ఒకటిగా ఉండే మోటార్‌హోమ్ మంచిదా అని అడుగుతారు. అప్పటికే వారు ధరలూ, ఫెర్రీ చార్జీలూ, ఎందరు పడుకోవచ్చన్న లెక్కా పోల్చి చూసుకొని ఉంటారు. అవి అవసరమైన లెక్కలే గాని, వాటితో ఈ ప్రశ్న తేలదని నా అభిప్రాయం. బండి దారిలో ఎలా నడుస్తుందన్నదానికన్నా, అది ఒకచోట ఆగిన తరువాత మన రోజు ఎలా గడుస్తుందన్నదే తీరికైన సెలవుకు ముఖ్యం.

మోటార్‌హోమ్ పక్షాన చెప్పవలసినది చాలా ఉంది. ఫ్రాన్స్‌లో ఎన్నో చిన్న ఊళ్ళు వీటికోసం ప్రత్యేకంగా 'ఏర్' అనే విడుదులు ఏర్పాటు చేశాయి. నీళ్ళు పట్టుకోవడానికీ, మురుగునీరు వదలడానికీ వీలుండే ఈ చోట్లలో చాలావాటిలోకి కారవాన్లను రానివ్వరు. 1993లో మొదలైన 'ఫ్రాన్స్ పాసియోన్' పథకంలో సభ్యత్వం తీసుకుంటే ద్రాక్షతోటల యజమానులు, రైతులు తమ స్థలంలో ఒక రోజుపాటు మోటార్‌హోమ్ నిలుపుకోనిస్తారు, దానికి అద్దె అడగరు. దారిలోనూ దీనిదే పైచేయి. మొత్తం బరువు 3.5 టన్నులలోపు ఉన్న మోటార్‌హోమ్‌కు మోటార్‌వే మీద కారుకున్న 130 కి.మీ. పరిమితే వర్తిస్తుంది, కారు, కారవాన్‌లకు కలిపి అనుమతించిన బరువు ఆ హద్దు దాటితే 90 కి.మీ. మించకూడదు. రోజుకొక ఊరు చూస్తూ సాగిపోవాలని, ఇవాళ లువార్ నది ఒడ్డున, రేపు బుర్గుండిలో, ఎల్లుండి ఆల్ప్స్ దిగువన ఉండాలని కోరుకునే దంపతులకు నేను మోటార్‌హోమే తీసుకోమంటాను.

కాని తీరిక అంటే రోజూ చోటు మారడం కాదు. ఒక నది ఒడ్డున వారం పది రోజులు ఉండిపోయి, చుట్టుపక్కల ఊళ్ళను ఒక్కొక్కటిగా చూసి, మళ్ళీ అదే చెట్టు కిందికి తిరిగి రావడం. నైరుతి ఫ్రాన్స్‌లోని డోర్డోన్ నదీలోయ ఇందుకు తగిన ప్రాంతం. సార్లా పట్టణంలో బుధవారం, శనివారం ఉదయం సంత జరుగుతుంది. ఆ ప్రాంతపు అక్రోట్లు, స్ట్రాబెర్రీలు, మేకపాల జున్ను అక్కడికి వస్తాయి. సంతరోజున ఆలస్యంగా వెళ్ళినవారికి కారు నిలపడానికే చోటు దొరకదు, ఏడు మీటర్ల పొడవూ, మూడు మీటర్లకు కాస్త తక్కువ ఎత్తూ ఉన్న బండి సంగతి చెప్పనవసరం లేదు. ఫ్రాన్స్‌లో అనేక పార్కింగుల ప్రవేశం దగ్గర రెండు మీటర్ల ఎత్తున అడ్డకమ్మీలు ఉంటాయి. 1281లో కొండమీద కట్టిన డోమ్ వంటి ఊళ్ళకు ఎక్కే దారులూ, వాటి పాత కోటద్వారాలూ పెద్ద బండ్లకోసం కట్టినవి కావు. కారవాన్‌తో వెళ్ళినవారు దానిని క్యాంప్‌సైట్‌లో విడిచి మామూలు కారులో ఇవన్నీ చూసి వస్తారు. మోటార్‌హోమ్‌లో ఉన్నవారు పాలకోసం పక్క ఊరికి వెళ్ళాలన్నా విద్యుత్తు తీగ ఊడదీసి, గిన్నెలు అలమారలో సర్ది, కిటికీలు మూసి, పందిరిగుడ్డ చుట్టి, ఇల్లంతటినీ కదిలించాలి. మొదటిరోజు ఇది ముచ్చటగానే ఉంటుంది. నాలుగోరోజుకు పనిగా మారి, ఎక్కడికీ వెళ్ళకుండా ఉండిపోదామనిపిస్తుంది.

దీనికన్నా ముఖ్యమైన మాట మరొకటి ఉంది. మన కుటుంబాలు సెలవులకు వెళ్ళేటప్పుడు చాలాసార్లు పిల్లలతోపాటు స్వదేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా వెంట ఉంటారు. మోటార్‌హోమ్ కదిలితే అందరూ కదలవలసిందే. కదిలినంతసేపూ బెల్టు పెట్టుకొని కూర్చోవలసిందే, నడుం వాల్చడానికి లేదు. కారవాన్ నిలిచి ఉంటే మధ్యాహ్నం నిద్రపోయే తాతయ్యను నిద్రపోనిచ్చి, నీళ్ళలో ఆడుకునే పిల్లలను నాయనమ్మ దగ్గర ఉంచి, మిగిలిన ఇద్దరూ దగ్గరలోని మోంటిన్యాక్ ఊరికి వెళ్ళి, ఆదిమానవులు గీసిన లాస్కో గుహాచిత్రాల ప్రతిరూపం చూసి రావచ్చు. (అసలు గుహను 1963లో మూసివేశారు, ఇప్పుడు చూపించేది 2016లో తెరిచిన నమూనా.) ఎవరి తీరిక వారిది కాగలగడమే నిజమైన సెలవు అనుకునే నేను ఈ ఒక్క కారణం చేతనే కారవాన్ వైపు మొగ్గుతాను.

అలాగని లాగడం తేలిక అని చెప్పను. సామాన్లతో నిండిన కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం మించకుండా ఉండాలన్నది బ్రిటన్‌లో కొత్తగా లాగేవారికి ఇచ్చే సలహా. పెద్ద కుటుంబానికి సరిపోయే కారవాన్‌ను చిన్న కారు లాగలేదు. బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల వరకు లాగవచ్చు. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాల్లో 'బి' అనే సాధారణ కారు లైసెన్సు ఉన్నవారికైతే కారూ కారవానూ కలిపి 3.5 టన్నులు దాటినప్పుడు అదనపు అర్హత కావాలి. వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో ఓపికగా సాధన చేసి నేర్చుకోవలసిన విద్య. ఇంగ్లండు నుంచి ఫెర్రీ దిగే కలే రేవు నుంచి సార్లా 800 కి.మీ. పైమాటే, దానిని ఒక్క రోజులో ముగించాలని చూడకుండా మధ్యలో ఒక రాత్రి ఆగడం మంచిది. వియెర్జోన్ నుంచి బ్రీవ్ వరకు ఏ20 మోటార్‌వే మీద టోల్ లేకపోవడం ఆ దారిలో ఒక ఊరట. జూలై చివరి, ఆగస్టు మొదటి శనివారాల్లో మాత్రం బయలుదేరవద్దు. ఫ్రెంచి కుటుంబాలు సెలవులకు వెళ్ళేదీ తిరిగివచ్చేదీ ఆ రోజుల్లోనే.

వంట విషయంలో ఎక్కువ తేడా లేదు గాని, క్యాంప్‌సైట్‌లో విద్యుత్తు ఎంత ఇస్తారో ముందుగా అడగాలి. చాలాచోట్ల 6 ఆంపియర్లే ఇస్తారు, అంటే సుమారు 1,380 వాట్లు. చిన్న రైస్ కుక్కర్ దానిమీద నడుస్తుంది. కుక్కర్ ఉడుకుతుండగా కెటిల్ పెడితే కరెంటు పోతుంది. పోపు, సాంబారు గ్యాసు మీదే చేసుకోవాలి.

మిగిలిన పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను. క్యాంప్‌సైట్‌లోనే స్థిరంగా ఉండే మొబైల్ హోమ్ అద్దెకు తీసుకుంటే లాగే శ్రమ ఉండదు. చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్ళేవారికి అది సరిపోతుంది. గుడారం వానలేని వారానికి మంచిది.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో నేరుగా వచ్చేవారికి మాత్రం నా సలహా వేరు. లాగే కారవాన్ ఫ్రాన్స్‌లో అద్దెకు దొరకడం కష్టం, మోటార్‌హోమ్‌లు సులువుగా దొరుకుతాయి. భారతీయ లైసెన్సుతోపాటు అంతర్జాతీయ అనుమతిపత్రం తెచ్చుకొని మోటార్‌హోమే తీసుకోండి. బస చేసే చోటును మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. పంచాయతీలు నడిపే మునిసిపల్ క్యాంప్‌సైట్లు చాలా ఊళ్ళలో ఏటిపక్కన, ఊరి మధ్యకు నడిచిపోగలిగినంత దూరంలో ఉంటాయి. అక్కడ సైకిళ్ళు అద్దెకు దొరుకుతాయా, రొట్టెల దుకాణం ఎంత దూరం, సంత ఏ రోజున అని బుక్ చేసేముందే కనుక్కుంటే, వారం పాటు ఆ బండిని కదపవలసిన అవసరమే రాదు.