బోర్డర్ టెరియర్: ఏళ్ల తరబడి పెంచాక నా అభిప్రాయం

మా మిర్చిని చూసిన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న, "ఇది జాతి కుక్కేనా?" అని. మేముండే ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పార్కుల్లో ఇంగ్లిష్ వాళ్లు మాత్రం చూడగానే గుర్తుపట్టేస్తారు. ఇది పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులోని చెవియట్ కొండల్లో నక్కల వేట కోసం పెంచిన జాతి. కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ సంస్థ కెనల్ క్లబ్ దీన్ని 1920లో గుర్తించింది. గుర్రాల వెంట పరిగెత్తాలి, నక్క బొరియలోకీ దూరాలి. అందుకే కాళ్లు కాస్త పొడవు, ఛాతీ సన్నం. బరువు ఆరేడు కిలోలు, అంతే.

పిల్లలతో దీని ఓపిక చూస్తే ముచ్చటేస్తుంది. మిగతా టెరియర్లతో పోలిస్తే అరుపులూ తక్కువే. కానీ తవ్వుడు మాత్రం మానదు. పెరట్లో మెంతికూర మడి మీద ఆశ వదులుకున్నాం, కంచె కింద ఇనుప వల పాతాం. గొర్రెలు మేసే చోట గొలుసు తీసే ప్రశ్నే లేదు. కుందేలు కనబడిందంటే మనం పిలిచే పేరు దానికి వినపడదు.

బొచ్చు సంగతి కొనేముందే తెలుసుకోండి. కత్తిరించే మిషన్ పెడితే గరుకుదనం పోయి మెత్తబడుతుంది, రంగూ వెలిసిపోతుంది. ఏడాదికి రెండుసార్లు చేత్తో పీకాలి. ఎడమచేత్తో చర్మం బిగించి పట్టుకుని, వేళ్లకి రబ్బరు తొడుగులు వేసుకుని, కొద్దికొద్దిగా వెంట్రుకలు మొలిచిన వైపుకే లాగాలి. పండిన బొచ్చయితే ఇట్టే ఊడొస్తుంది, మిర్చి సగం నిద్రలో ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ అది చూసి, "కోడికి ఈకలు పీకినట్టు పీకుతున్నావేంట్రా!" అంది.

అసలు టెన్షన్ పెట్టింది తిండి. ఒకరోజు వంటింట్లో ఉన్నట్టుండి వీపు వంచేసి, కాళ్లు బిగుసుకుపోయి, వణుకుతూ నిలబడిపోయింది. స్పృహ ఉంది, పిలిస్తే చూస్తోంది. మూర్ఛేమో అనుకున్నాం. మా ఆవిడ ఫోన్లో వీడియో తీయడం మంచిదైంది. డాక్టర్ అది చూసి, రక్తపరీక్ష చేయించి, గ్లూటెన్ (గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్) ఆపేయమన్నారు. ఈ జాతిలో కొన్నిటికి గ్లూటెన్ పడక ఇలాంటి బిగుతులు వస్తాయట. అంటే గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఇంకో ధాన్యం) బంద్. కుక్క బిస్కెట్ల పాకెట్ వెనక చదివితే చాలావాటిలో గోధుమే.

అమ్మని ఒప్పించడమే కష్టమైంది. చపాతీలు కాలుస్తూ "ఏమే, వాసన తగిలిందా?" అంటూ ఓ ముక్క విసరడం అలవాటు. ఇప్పుడు దాని బదులు పోపు వేయని పెరుగన్నం ముద్ద. బియ్యంలో గ్లూటెన్ ఉండదు కాబట్టి మనింటి తిండే కలిసొచ్చింది. నెలలు గడిచేకొద్దీ ఆ బిగుతులు తగ్గి, ఆగిపోయాయి. పాయసంలో కిస్‌మిస్, కూరలో ఉల్లిపాయ మాత్రం ఏ కుక్కకీ పెట్టకూడదు. పండక్కి వచ్చే చుట్టాలకి ఇది ముందే చెప్పి పెడతాం.

ఇంట్లో కుందేళ్లు, హామ్‌స్టర్లు ఉన్నవాళ్లకి, పొద్దున వెళ్లి రాత్రికొచ్చేవాళ్లకి ఇది వద్దంటాను. మిగతావాళ్లు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. కొనేటప్పుడు తల్లినీ తండ్రినీ చూపించమనండి, వాటికి ఇలాంటి బిగుతులు ఎప్పుడైనా వచ్చాయా అని సూటిగా అడగండి. జవాబు నాన్చితే ఇంకో ఇల్లు చూసుకోండి.