రంగు కోడిపిల్లలు: పది రూపాయల సరదా ఎంతవరకు?

తీర్పు ముందే చెప్పేస్తే సరిపోతుంది. ఆట వస్తువుగా రంగు కోడిపిల్లను కొనకండి. పెంపకానికే అయితే కొనాల్సింది ఇది కాదు. ఇంతలో పిల్లోడు బుట్ట పక్కన గొంతుక్కూర్చుని పచ్చరంగు దాన్ని చేతిలోకి తీసేసుకుని ఉంటే మాత్రం, ఏది చూసి ఎంచుకోవాలో, ఇంటికి తెచ్చాక మొదటి గంటలో ఏం చేయాలో తెలిసుండాలి. ఆ వివరాలకే ఈ సమీక్ష.

సరుకు అందరూ చూసిందే. సైకిలు వెనక వెదురు బుట్ట, పైన వల, లోపల గులాబి, పచ్చ, నీలం, ఊదా రంగుల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి కిచకిచలాడే పిల్లలు. నెల్లూరు వీధుల్లో ఎండాకాలం సెలవులప్పుడు, ఒంగోలు, పొదిలి, కందుకూరు వైపు సంతల్లో, తిరునాళ్లలో దొరుకుతాయి. పిల్ల పదికో ఇరవైకో ఇస్తారు. పాత ఇనుము, ప్లాస్టిక్ సామాను వేస్తే పిల్లనిచ్చే బండ్లూ ఉన్నాయి.

ఇంత చవగ్గా రావడానికి కారణం ఉంది. గుడ్ల ఫారాలకు పిల్లల్ని పొదిగించే హేచరీలో పుట్టినరోజే ఆడవాటినీ మగవాటినీ వేరు చేస్తారు. ఆడవి ఫారాలకు పోతాయి. మగవి గుడ్డు పెట్టవు, మాంసం పట్టవు. బ్రాయిలర్ పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. ఈ లేయర్ (గుడ్ల కోసం పెంచే) జాతి మగపిల్ల అదే వయసుకు అరకిలో దగ్గర ఉంటుంది. మేపితే మేత ఖర్చూ రాదు కాబట్టి హేచరీకి ఇవి మిగులు. ఆ మిగులుకే రంగేసి వీధిలోకి తెస్తారు. "పెద్దయ్యాక గుడ్లు పెడుతుందమ్మా" అని అమ్మేవాడు ఎంత నమ్మకంగా చెప్పినా వినొద్దు. బుట్టలో ఉన్నవి దాదాపు అన్నీ పుంజులే.

రంగు రెండు రకాలుగా వేస్తారు. గుడ్డు పొదుగులో ఉండగానే, పద్దెనిమిదో రోజు ప్రాంతంలో సూదితో లోపలికి ఎక్కిస్తే పిల్ల రంగుతోనే బయటికొస్తుంది. లేదంటే పుట్టాక రంగునీళ్లలో ముంచుతారు, లేదా చల్లుతారు. ఎక్కువ నష్టం చేసేది ఈ రెండోదే. ఒకరోజు పిల్ల తడిస్తే ఒంట్లో వేడి నిలబెట్టుకోలేదు. ముక్కు మీద, కంటి చుట్టూ, కాళ్ల మీద రంగు మరకలు అట్టకట్టి ఉంటే అది ముంచిన పిల్ల అనుకోండి. ఏ పద్ధతైనా రంగు నూగుకే పడుతుంది. వారం దాటాక రెక్కల్లో తెల్ల ఈకలు మొలుస్తాయి, నెలా నెలన్నరకు మొత్తం తెల్లబడుతుంది. బతికించిన ఇళ్లలో పిల్లలు ముందు అడిగేది "దీని రంగేదీ?" అనే.

ఇక ఎంపిక. ఒకరోజు లేయర్ పిల్ల 35 నుంచి 40 గ్రాములు తూగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నట్టు తేలిపోతే నీళ్లు లేక ఎండిపోయిందని అర్థం. వెల్లకిలా పడుకోబెట్టి వదిలితే మూడు సెకన్లలోపు లేచి నిలబడాలి. తర్వాత పొట్ట కింద బొడ్డు చూడండి. అది పూర్తిగా మూసుకుని, పొడిగా ఉండాలి. నల్లటి పొక్కు కట్టినా, తడిగా ఉన్నా, పొట్ట ఉబ్బి మెత్తగా ఉన్నా లోపలి పచ్చసొనకు చీము పట్టినట్టే. అట్లాంటిది నాలుగైదు రోజులకు మించి ఉండటం అరుదు, దానికి ఇంట్లో చేయగలిగిన వైద్యమూ లేదు. వెనక భాగంలో రెట్ట అంటుకున్నదాన్ని, కళ్లు మూసుకుని మూల నిలబడ్డదాన్ని జాలిపడి తీసుకోకండి. ఆ జాలికి మూల్యం ఇంట్లో పసివాళ్లు మూడోరోజు కడతారు. తీసుకుంటే రెండు తీసుకోండి. ఒంటరి పిల్ల అరిచి అరిచే నీరసపడుతుంది.

మూడోరోజు అని ఊరికే అనలేదు. ఈ సరుకుతో వచ్చే గందరగోళమంతా అక్కడే ఉంది. పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులు ఏమీ తినకపోయినా దాని మీదే నడుస్తుంది. అందుకే బుట్టలో చలాకీగా ఉంటుంది, ఇంటికొచ్చిన రోజూ గెంతుతుంది. ఆ సొన అయిపోయేలోపు తినడం, తాగడం నేర్చుకోకపోతే మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఒక్కసారిగా కూలిపోతుంది. నిన్నటిదాకా బాగుందే, దిష్టి తగిలింది అంటారు. తగిలింది ఆకలి. దానికి తోడు చలి.

అందుకే ఇంటికి రాగానే మేత కన్నా ముందు నీళ్లు. కాచి చల్లార్చి, గోరువెచ్చగా ఉన్న గ్లాసు నీళ్లలో రెండు టీస్పూన్ల పంచదార కలపండి, బెల్లమైనా పర్లేదు. ఒక్కో పిల్ల ముక్కు కొన నీళ్లకు తగిలించి వదలండి, మింగడం కనపడాలి. గిన్నె లోతుగా ఉంటే పడి మునుగుతాయి. కాఫీ సాసరులో గోలీలో గులకరాళ్లో వేసి, వాటి సందుల్లో నీళ్లు నిలిచేట్టు పోస్తే చాలు. తీపినీళ్లు మొదటి పూట వరకే, తర్వాత మామూలు నీళ్లు. తీపివి రోజంతా ఉంచితే పులుస్తాయి, చీమలు పడతాయి.

రెండోది వేడి. మొదటి వారం పిల్ల నిలబడే చోట 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. అడుగున్నర ఎత్తు అట్టపెట్టె, అడుగు ఎత్తున ఒక మూలకు వేలాడే 40 లేదా 60 వాట్ల గుండు బల్బు రెండు మూడు పిల్లలకు సరిపోతాయి. ఎల్‌ఈడీ బల్బు పెట్టి వెచ్చగా ఉందనుకోవడం ఈ మధ్య అందరిళ్లలో జరిగే పొరపాటు. దాంట్లో వెలుగే ఉంటుంది, వేడి ఉండదు. కరెంటు సామాన్ల కొట్లో ఫిలమెంటు బల్బు అని అడిగి తెచ్చుకోవాలి. బల్బు అట్టకు, గుడ్డకు తగలకుండా గట్టి తీగతో కట్టండి, నిప్పంటుకున్న పెట్టెలున్నాయి. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి. అన్నీ బల్బు కిందే గుమిగూడితే చలి. దూరంగా పోయి రెక్కలు జార్చి నోళ్లు తెరిస్తే వేడి ఎక్కువైంది. ఒకే పక్కకు నక్కితే ఇంకో పక్కనుంచి గాలి కొడుతోంది. పెట్టె అంతా చెదిరి తిరుగుతుంటే సరిగ్గా ఉంది.

మన జిల్లాల్లో ఇక్కడో మెలిక ఉంది. రోహిణి కార్తె ఎండలో పగలు బల్బు అక్కర్లేదు, అది పెడితేనే చస్తాయి. రేకుల షెడ్డు కింద, మేడ మీద పెట్టె ఉంచడం మరీ ప్రమాదం. ఇంట్లో చల్లటి గదే మేలు. తెల్లవారుజామున చల్లబడినప్పుడు బల్బు వేస్తే సరి. నవంబరు, డిసెంబరు ముసురులో మాత్రం రాత్రీ పగలూ వెలగాల్సిందే. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టండి.

అడుగున రెండంగుళాల వరిఊక పోయండి. మొదటి రెండు రోజులు ఆ ఊకనే మేతనుకుని మింగుతాయి కాబట్టి పైన గోనెసంచి ముక్క పరవండి. నున్నటి క్యాలెండరు కాగితం, ప్లాస్టిక్ షీటు వద్దు. కాళ్లు జారి రెండు పక్కలకీ చీలిపోతాయి, అట్లా చీలిన కాళ్లు మళ్లీ కూడుకోవడం కష్టం.

మేత దగ్గర అందరూ చేసేది నూకలు వేయడం. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్లే. పిల్లకు కావాల్సింది ఇరవై. నూకల మీదే పెరిగితే ఈకలు రావు, విటమిన్లు చాలక కాళ్లు బలహీనపడి వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. కోళ్ల దాణా కొట్లలో చిక్ స్టార్టర్ (పసి కోడిపిల్లల దాణా) విడిగా కిలో లెక్కన ఇస్తారు. మొదటి వారం పిల్లకు రోజుకు పది పన్నెండు గ్రాములు, ఆరు వారాలకు మొత్తం మీద కిలో పైచిలుకు పడుతుంది. దాణా దొరికేదాకా ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడిలా చిదిమి వేయొచ్చు. అన్నం మెతుకులు మాత్రం వద్దు, కాళ్లకు అంటుకుని గంటకే పులుస్తాయి.

ఇక పసివాళ్ల చేతుల సంగతి. కోడికి మనలాగా ఊపిరి లాగే పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే గాలి ఆడుతుంది. పసివాడు ప్రేమగా పిడికిట్లో బిగిస్తే ఆ ఎముక కదలదు, పిల్ల చప్పుడు లేకుండా పోతుంది. తెరిచిన అరచేతిలో నిలబెట్టి, రెండో చెయ్యి పైన గొడుగులా పట్టడం నేర్పండి. ముద్దులు పెట్టనివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో కడిగించండి, పెట్టె వంటింట్లో ఉంచకండి. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెట్టలోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు దాంతో వాంతులూ విరేచనాలూ ముదురుతాయి.

వారం దాటించినా గట్టెక్కినట్టు కాదు. ఫారానికి పోయే ఆడ కోడిపిల్లకు పుట్టినరోజే మరెక్స్ (కాళ్లు పడిపోయే వైరస్ జబ్బు) టీకా వేస్తారు. బుట్టలోకి పోయే మగదానికి ఎవరు వేస్తారు? కొక్కెర (రాణిఖేత్) తెగులుకు ఐదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లోనో ముక్కులోనో లసోటా టీకా చుక్క, పద్నాలుగో రోజు ప్రాంతంలో గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బుకు టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా పడాలి. ఇబ్బంది ఏంటంటే టీకా సీసా వందల డోసుల్లో వస్తుంది, చల్లటి పెట్టెలో రావాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. రెండు పిల్లల కోసం ఎవరూ సీసా తెరవరు. దగ్గరి పశువైద్యశాలలోనో రైతు సేవా కేంద్రంలోనో ఊరి కోళ్లకు టీకాలు వేసే రోజు కనుక్కుని ఆరోజు తీసుకుపోవడమే దారి. మెడ తిరిగిపోయి ఆకుపచ్చగా పారితే అది కొక్కెర, అప్పుడు మందు లేదు. మూడో వారం నుంచి రెట్టలో నెత్తురు కనపడితే రక్తపారుడు. దీనికి ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి ఇస్తే నయమవుతుంది, కాని ఆరోజే మొదలెట్టాలి. తడిసిన ఊక మార్చకపోతే మళ్లీ వస్తుంది.

ఇంట్లో నాటుకోళ్లు ఉన్నవాళ్లు ఈ పిల్లల్ని వాటి దగ్గరికి రానివ్వనే కూడదు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో బర్డ్ ఫ్లూ బయటపడి చుట్టుపక్కల చికెన్ కొట్లు మూయించిన సంగతి నెల్లూరోళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియని పిల్లని కనీసం మూడు వారాలు విడిగా ఉంచాలి.

చనిపోతే ఏం చేయాలో కూడా కొనేటప్పుడే అనుకుని ఉండండి. పిల్లోడు బడి నుంచి వచ్చేలోపు అదే రంగుది ఇంకోటి తెచ్చి అదే పెట్టెలో పెట్టడం చాలామంది చేసే పని. పాతదాన్ని చంపిన సూక్ష్మజీవి ఆ ఊకలోనే ఉంటుంది, కొత్తదీ అదే దారి పడుతుంది. పైగా పిల్లలు కనిపెట్టేస్తారు. "ఎగిరిపోయింది", "వాళ్లమ్మ దగ్గరికి పోయింది" అని చెప్తే సాయంత్రం వీధంతా వెతుకుతారు. చచ్చిపోయింది అనే చెప్పండి. నువ్వు పట్టుకున్నందుకు కాదు, అప్పటికే బలం లేకుండా వచ్చింది అన్న మాట కూడా చెప్పండి. ఈ సరుకు విషయంలో చాలాసార్లు నిజమూ అదే. చూస్తానంటే చూపించండి, ముట్టుకోనివ్వకండి. బోరుకు, బావికి దూరంగా రెండడుగుల గొయ్యి తీసి, పైన సున్నం చల్లి పూడ్చాలి. లోతు తక్కువైతే రాత్రికే కుక్కలు తవ్వుతాయి, పొద్దున పిల్లలు చూసేది అదే. పూలకుండీలో పూడ్చడం, కాలవలో వేయడం వద్దు. అట్టపెట్టె, ఊక కాల్చేయండి, నీళ్ల సాసరు బ్లీచింగు నీళ్లతో కడగండి. పెరట్లో కోళ్లు కూడా వరసగా పడిపోతుంటే కోసుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

బతికితే ఇంకో చిక్కు. మూడు నాలుగు నెలలకు కూత మొదలవుతుంది. అపార్టుమెంట్లో తెల్లారుజామున నాలుగింటికి కూసే పుంజును ఎన్నాళ్లు ఉంచుతారు? పేరు పెట్టుకున్న పుంజును కోసి కూర వండితే ఆ ఇంట్లో పిల్లలు అన్నం ముట్టరు. ఊళ్లో పెరడున్న బంధువులు తీసుకుంటారేమో కొనకముందే అడగడం మంచిది.

కోళ్లే కావాలి, గుడ్లే కావాలి అంటే నెల దాటిన పిల్లలు కొనండి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తీసిన రకాల్లో గ్రామప్రియ గుడ్లకు, వనరాజా గుడ్లకూ మాంసానికీ పెరటి పెంపకానికి తగినవి. నాలుగైదు వారాలు బల్బు కింద పెంచి, టీకాలు పూర్తయ్యాక అమ్మేవాళ్ల దగ్గర తీసుకుంటే ధర వీధిపిల్లకు ఎన్నో రెట్లుంటుంది. కాని చలి, ఆకలి, మూడోరోజు గండం అన్నీ దాటి వచ్చిన పిల్ల అది. ఏ టీకా ఏ తేదీన వేశారో కాగితం మీద రాయించుకోండి, రాయలేనివాళ్ల దగ్గర కొనకండి. గూటికి అరంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ వేయించండి. మామూలు కోళ్ల జాలీ కన్నుల్లోంచి ఎలుక దూరుతుంది, ముంగిస మూతి పెట్టి కాలు లాగేస్తుంది.