కాగితం తర్వాతే కలం: ఎనిమిదేళ్ళుగా కుక్కల బొమ్మలు గీస్తున్న సామాను

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కుక్క బొమ్మ ఎవరు గీయించుకుంటారే అని మొదట్లో మా అత్తగారే నవ్వారు. దేవుడి పటాలు, పోయినవాళ్ళ ఫొటోలు ఫ్రేము కట్టించుకునే ఊరు మాది. ఇప్పుడు నా నోట్‌బుక్కులో లెక్క 140 దాటింది. మా ఊరివాళ్ళు, కాశీనగర్, గుణుపూర్ నుంచి వచ్చినవాళ్ళు, ఏరు దాటితే ఆంధ్రాలో పాతపట్నం వాళ్ళు. అన్నీ నల్ల సిరాతో గీసినవే, రంగుల్లేవు. 2017 నుంచి ఏ పెన్ను కొన్నానో, ఏది పారేశానో, ఏ కాగితం ముంచిందో రాస్తున్నాను. నెల రోజులు వాడి రాసే సమీక్షలు నమ్మి నేను చాలా డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి ఇది కాస్త వివరంగానే ఉంటుంది.

అసలు పరీక్ష నేను పెట్టింది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. అటక మీద అట్టపెట్టెలో అప్పటిదాకా గీసినవి పదమూడు బొమ్మలున్నాయి. రెండు రోజుల తర్వాత ఆ పెట్టె దించితే అడుగు ఊడి చేతిలోకి వచ్చింది. పది రూపాయల జెల్ పెన్నుతో గీసినవి ఐదు. వాటిలో కుక్క లేదు, ఊదారంగు మరక ఉంది. మిగతా ఎనిమిదీ మైక్రాన్ పెన్నుతోనో, కేమెల్ వాటర్‌ప్రూఫ్ డ్రాయింగ్ ఇంకులో పాళీ ముంచో గీసినవి. కాగితం అప్పడంలా ముడతలు పడింది కానీ మీసం వెంట్రుక ఒక్కటి కూడా చెదరలేదు. కరెంటు లేదు, ఫ్యాను లేదు. బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేసి, పీటకింద పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాను. ఎనిమిదింటిలో ఆరు ఇచ్చెయ్యడానికి పనికొచ్చాయి.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. నేను వాడిన చవక పెన్నులో ఉన్నది నీళ్ళలో కరిగే రంగు. మైక్రాన్‌లో ఉన్నది కరగని పొడి. అది కాగితం పీచులో ఇరుక్కుని ఆరిపోతే ఇక కదలదు. ఎండకి వెలిసిపోవడంలోనూ ఈ రెండింటికీ అదే తేడా. గోడకి తగిలించే బొమ్మకి రెండోదే కావాలి.

ముందు మైక్రాన్ సంగతి. జపాన్‌లో ఒసాకాకి చెందిన సకురా కంపెనీది. అందులో ఉండే పిగ్మా అనే సిరా 1982లో వచ్చింది. పెన్ను మీద ఉన్న 005 అంటే గీత 0.20 మి.మీ., 01 అంటే 0.25, 05 అంటే 0.45. మొదట్లో సెట్టు మొత్తం కొన్నాను. అనవసరం. నాకు రోజూ చేతిలో ఉండేవి 005, 01 మాత్రమే. ముక్కు రంధ్రం, నోటి మూల నల్లగా నింపడానికి ఒక 05. కొన ప్లాస్టిక్, దాని చుట్టూ చిన్న లోహపు గొట్టం. నా చెయ్యి బరువు, నొక్కితే కొన అరిగి లోపలికి పోతుంది. నాలుగైదు కుక్కలకి ఒక 005 సరి. ఒక్కోటి ధర వంద రూపాయలు దాటింది కాబట్టి ఇది చిన్న విషయమేమీ కాదు. అయితే అరిగినవీ, సిరా అయిపోవచ్చినవీ పారెయ్యకండి. వాటి గీత బూడిద రంగులో, తెగుతూ తెగుతూ వస్తుంది. తెల్లకుక్క మెడకింద నీడకి దానికి మించింది కొత్త పెన్నుల్లో నాకు దొరకలేదు. ఒక కొబ్బరినూనె డబ్బా నిండా అలాంటివే దాచాను.

పాళీ వేరే లోకం. జపాన్‌లో కామిక్సు గీసేవాళ్ళు వాడే జీ పాళీ తెప్పించుకున్నాను. వచ్చిన రోజు సిరా దాని మీద నిలవలేదు, చుక్కలు చుక్కలుగా జారి బొచ్చుకుక్క చెవి మీద పడింది. కొత్త పాళీకి తుప్పు పట్టకుండా నూనె పూస్తారట. బంగాళాదుంపలో ఒకసారి గుచ్చి తీసి, తుడిచి వాడితే సర్దుకుంది. అలవాటు కావడానికి ఆరు నెలలు పట్టింది. కాస్త నొక్కి మొదలుపెట్టి చెయ్యి తేలుస్తూ లాగితే గీత లావుగా మొదలై సన్నగా ముగుస్తుంది. వెంట్రుక మొదలూ చివరా ఉండేది అలాగే కదా. బొచ్చుకుక్కలకి ఇక నేను పెన్ను ముట్టను. కానీ సిరా ఆరకముందే పాళీ తుడవాలి, మా గాలిలో రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఇండియన్ ఇంకు అంటే దీపం మసి, దాన్ని పట్టి ఉంచడానికి లక్క. ఆ లక్క ఆరితే నీళ్ళకి కరగదు, అందుకే బొమ్మ నిలుస్తుంది. అది తెలియక మా నాన్న ఫౌంటెన్ పెన్నులో ఆ ఇంకు నింపాను. వారం తర్వాత నాలుక గట్టిగా అతుక్కుపోయింది. వేడినీళ్ళూ, స్పిరిటూ ఏవీ పనిచెయ్యలేదు. ఆ పెన్ను ఇప్పటికీ సొరుగులో ఉంది. నాన్న అడగలేదు, నేను చెప్పలేదు.

మా బావగారు పాలిటెక్నిక్ రోజుల నాటి డ్రాఫ్టింగ్ పెన్ను ఇచ్చారు, సూదిలాంటి గొట్టం ముక్కుది. గీత ఎంతసేపటికీ ఒకే లావు. ఇళ్ళ ప్లానుకి బాగుంటుంది, కుక్క బొచ్చు మాత్రం దానితో చీపురులా వచ్చింది. తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు కాగితం. నాకు ఎవరూ ముందు చెప్పని విషయం ఇదే. మొదటి రెండేళ్ళు డబ్బంతా పెన్నుల మీద పెట్టి, కాగితం మాత్రం స్కూలు డ్రాయింగ్ షీట్లు వాడాను. ఎండాకాలంలో బాగానే ఉండేది. జులై వచ్చేసరికి అదే పెన్ను, అదే చెయ్యి, గీత పక్కకి పాకడం మొదలయ్యేది. పెన్ను పాడైందని కొత్తది తెరిచేదాన్ని. అదీ అంతే. ఒకరోజు మా అమ్మాయి సైన్సు భూతద్దం పెట్టి చూస్తే తెలిసింది: గీతకి రెండు వైపులా సన్నటి వేళ్ళు, జెర్రి కాళ్ళలా. కాగితానికి సైజింగ్ అని ఒక జిగురు పూత ఉంటుంది, సిరాని పైనే ఆపేది అదే. చవక కాగితంలో అది అంతంత మాత్రం. పైగా చెమ్మ పీల్చిన కాగితం. ఇక పెన్ను ఏం చేస్తుంది?

ఇప్పుడు వాడేది నున్నటి బ్రిస్టల్ కాగితం, 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాముల్లో బరువు) పైనే. గరుకు వాటర్‌కలర్ కాగితం సన్న గీతకి పనికిరాదు, పెన్ను కొన కూడా త్వరగా తినేస్తుంది. ఏ కొత్త ప్యాకెట్ వచ్చినా ముందు ఒక మూల పది గీతలు గీసి భూతద్దంతో చూస్తాను. కాళ్ళు కనిపిస్తే ఆ ప్యాకెట్ ట్యూషన్ పిల్లలకి. రాయగడ దగ్గర జేకేపూర్‌లో అంత పెద్ద కాగితం మిల్లు ఉంది, మాకు మాత్రం బొమ్మలు గీసే కాగితం పార్సిల్లోనే రావాలి. ఆ పార్సిలు కూడా మా ఇంటికి త్వరగా రాదు. పాతపట్నంలో పిన్ని ఇంటి అడ్రస్‌కి ఇస్తే మూడు రోజులు, నా అడ్రస్‌కి ఇస్తే పదకొండు. ఒకసారి మడతపెట్టి తెచ్చారు. అప్పట్నుంచి పిన్ని దగ్గరుండి తీసుకుంటుంది. వచ్చిన కాగితం ప్లాస్టిక్ సంచిలో, సిలికా జెల్ పొట్లాలతో, స్టీలు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. వానాకాలంలో ఒక్కో షీటే బయటికి తీస్తాను.

ఇంతా చేసి, కాగితం కన్నా ముందు ఫొటో. దగ్గర నుంచి తీస్తే ముక్కు సొరకాయంత, చెవులు చిన్నగా వస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి, నేలమీద కూర్చుని, కుక్క కంటి ఎత్తులో, కాస్త జూమ్ పెట్టి తియ్యమంటాను. ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుగు చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వెంట్రుకలన్నీ ముద్దైపోతాయి, డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి. ఒడియా కస్టమర్లకి కూడా ఈ మాటలన్నీ వాయిస్ మెసేజిలో ఒడియాలో చెప్పి దాచుకున్నాను, “ఛబి” (బొమ్మ) అడిగినవాళ్ళందరికీ అదే పంపుతాను.

ఒక మాస్టారి సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. రిటైరైన హెడ్మాస్టరు, ఆయన కుక్క టైగర్ పోయి నెలైంది. మనవరాలు తీసిన ఫొటో ఒక్కటే ఉంది, తాతా కుక్కా కలిసి. తొమ్మిది గంటలు కూర్చుని గీశాను. ఒక చెవి కొన తెగి ఉంది, అది కూడా శ్రద్ధగా వేశాను. మాస్టారు చాలాసేపు చూశారు.

“బాగుందమ్మా. కళ్ళు వాడివే. కానీ సాయంత్రం వాడు నా కుర్చీ పక్కన పడుకుంటే నా చెయ్యి ఆ తెగిన చెవి మీదే పడేది. ఇది అవతలి చెవి.”

“ఫొటోలో ఇలాగే ఉంది మాస్టారూ” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఫొటో పెద్దది చేసి చూశాను. వెనక గోడ మీద కేలండరు. దాని మీద ఒడియా అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. సెల్ఫీ! ముందు కెమెరా కుడిని ఎడమ చేసి దాచింది. గుండ్రటి అక్షరాలు కదా, తిరగబడినా నా కంటికి ఆనలేదు. ఫొటో తిప్పి మళ్ళీ మొత్తం గీశాను, డబ్బు తీసుకోలేదు. మొదటిది కూడా ఆయనే అడిగి పట్టుకెళ్ళారు. ఎందుకని నేను అడగలేదు.

నల్లకుక్కల గురించి ఒక్క మాట. నల్లగా ఉంది కదా అని నింపేస్తే గొయ్యి అవుతుంది. నుదుటి మీద, ముక్కు దూలం మీద, మెడ కండరం మీద వెలుగు ఎక్కడ పడుతుందో ముందే పెన్సిలుతో చుట్టి, అక్కడ కాగితం తెలుపే వదిలెయ్యాలి. మిగతాచోట గీత మీద గీత, మూడు వరసలు, బొచ్చు ఎటు పోతే అటు. ముక్కు దగ్గర పొట్టి వెంట్రుకలు వెనక్కి పోతాయి, బుగ్గ దగ్గర కిందికి తిరుగుతాయి, ఛాతీ మీద సుడి ఉంటుంది. నేను ఎప్పుడూ కళ్ళతోనే మొదలుపెడతాను. కంట్లో ఆ తెల్ల చుక్క పోయిందంటే షీటు మార్చాల్సిందే. ఆ దశలో మారిస్తే గంటే పోతుంది.

ఇంకెక్కడైనా సిరా పడితే మార్గం ఉంది. బ్లేడుతో పైపొర సున్నితంగా గీకాలి, దళసరి కాగితం మీదే ఇది కుదురుతుంది. గీకినచోట పీచు లేస్తుంది, దాని మీద గీస్తే సిరా పాకుతుంది. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు. అక్కడ కొన్న కొమ్ము కొంగ ఒకటి ఉంది, కాలు విరిగింది. దాని నున్నటి వీపుతో గీకినచోట రుద్దితే పీచు అణిగిపోతుంది. తర్వాత 005తో తేలిగ్గా గీసుకోవచ్చు. తెల్ల జెల్ పెన్నుతో దిద్దడం నాకు నచ్చదు, పక్కనుంచి చూస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది.

ఫ్రేము కట్టేవాళ్ళకి చెప్పేది ఒకటే, అద్దం బొమ్మకి తగలకూడదు. మధ్యలో మౌంటు, అంటే బొమ్మ చుట్టూ దళసరి అట్ట అంచు, పెట్టమంటే దండగ అంటారు. పట్టుబట్టి పెట్టించుకోండి.

సిరా ఎంత గట్టిదో ఇంకా అనుమానం ఉంటే మా ఇంటికి రండి. 2020లో మా కుక్క నల్లోడు ఇంకు సీసా తన్నేసి, అందులో కాలు పెట్టి, ఎర్ర గచ్చు మీదుగా వీధి గుమ్మం దాకా నడిచాడు. అప్పుడే తడిగుడ్డ వేసి ఉంటే పోయేదేమో. నేను వాణ్ణి పట్టుకోవడానికి పరిగెత్తాను. పదకొండు పంజా గుర్తులు. రోజూ తుడుస్తూనే ఉన్నాం. గుమ్మం దగ్గర చివరిదాని చుట్టూ మా అత్తగారు ముగ్గు వేస్తారు.