అంబాసిడర్‌లో ఇసుజు ఇంజన్: లాక్ ఉన్న మౌంటింగ్ కోసం ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే

ఇంజన్ మార్పించానని చెప్పగానే అందరూ పికప్ గురించి, మైలేజీ గురించి అడుగుతారు. మౌంటింగ్, అంటే ఇంజన్ కింద ఉండి దాన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, ఏది వేశావని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. మా మార్క్ 4 అంబాసిడర్‌లో కాంటెస్సా కారు ఇసుజు ఇంజన్ పెట్టించి ఏళ్లు గడిచాయి. ఇవాళ ఆ బండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వస్తువు ఎడమవైపు మౌంటింగ్ లోపల ఉన్న ఇనుప కొక్కెం. రబ్బరు తెగినా ఇంజన్‌ను పైకి లేవనివ్వదు అది. లాక్ అంటున్నది దాన్నే. ఇక్కడ రాసేదంతా దాదాపు దాని గురించే.

బండి మా నాన్న 1984లో నెల్లూరులో కొన్నారు. పాత 1489 సీసీ ఇంజన్‌కు మళ్లీ బోర్ చేయించడానికి సిలిండర్ గోడల్లో మందం మిగల్లేదు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే తర్వాతి రోజుల్లో 1800 ఐఎస్‌జెడ్ పేరుతో అంబాసిడర్‌లో 1817 సీసీ ఇసుజు ఇంజన్ పెట్టి అమ్మారు కదా, మనమూ అదే పెడదాం అనుకున్నాం. (ఆర్సీలో ఇంజన్ మార్పు ఎక్కించడానికి ముందే ఆర్టీవో అనుమతి తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి ఇక్కడితో వదిలేస్తున్నా.)

చెన్నైలో పాత బండ్ల సామాన్లు అమ్మే పుదుపేటలో మాకు దొరికింది కాంటెస్సా నుంచి దించిన ఇంజన్. అది కూడా ఇసుజు 1.8 లీటర్లదే. కానీ ఇంజన్‌ను మోసే బ్రాకెట్లు వేరు. వాటితోనే మా క్రాస్ మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) మీద కూర్చోబెడితే సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, వచ్చి స్టీరింగ్ ర్యాక్‌కు ఆనుకుంది. కింద ముక్కలు పెట్టి ఎత్తితే ఎయిర్ క్లీనర్ బానెట్‌కు తగిలింది. ఐఎస్‌జెడ్ అంబాసిడర్ బ్రాకెట్ల కోసం పుదుపేటంతా వెతికి, జనరల్ ప్యాటర్స్ రోడ్ షాపులన్నీ అడిగాం. దొరకలేదు. చివరికి అంబత్తూరులో ఒక లేత్ షాపులో బ్రాకెట్లు కొత్తగా చేయించాం. మౌంటింగ్ మాత్రం ఒక షాపువాళ్లు కొత్తదని చెప్పి ఇచ్చింది వేశాం. రెండు ఉక్కు ప్లేట్లు, మధ్యలో రబ్బరు, రెండువైపులా బోల్టులు. ఎక్కడ చూసినా కనిపించే రకమే.

మొదట్లో చాలా సంతోషంగా ఉండేది. బండి ఐడిల్‌లో ఉంటే స్టార్ట్ అయిందా లేదా అని అమ్మ అడిగేది. తెలిసినవాళ్లందరికీ ఆ షాపు పేరే చెప్పాను.

తర్వాత ఒక ఆదివారం నెల్లూరు బయల్దేరాం. అమ్మ వెనక సీట్లో, నా భార్య పక్కన. తడ దగ్గర టీ తాగి, సర్వీస్ రోడ్డు నుంచి హైవే ఎక్కుతూ రెండో గేర్‌లో గట్టిగా తొక్కాను. బానెట్ కింద ఢామ్మని ఒక దెబ్బ, వెంటనే ఫ్యాన్ ఎక్కడో రాసుకుంటున్న గరగర. కాలు తీసేశాను. బండి తగ్గలేదు. పెడల్ దానంతటదే కిందికి పోయి ఉంది, ఇంజన్ అరుస్తోంది, ముందు ఇసుక లారీ. క్లచ్ తొక్కి, తాళం తిప్పేసి, మిగిలిన ఊపుతో పక్కకు లాగాను. అమ్మ ఏమీ అనలేదు, ముందు సీటు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆమె చేతులు వణకడం చూశాక నాకు అసలైన భయం పట్టుకుంది.

బానెట్ ఎత్తితే విషయం తెలిసింది. ఎడమవైపు మౌంటింగ్‌లో రబ్బరు చిరగలేదు, పై ప్లేటు నుంచి నీట్‌గా ఊడి వచ్చేసింది. ప్లేటు మీద రబ్బరు మచ్చ కూడా లేదు. అంటే రబ్బరు ఇనుముకు సరిగ్గా అతుక్కోనేలేదు. పాత ప్లేట్లకు కొత్త రబ్బరు అతికించి, పైన రంగు కొట్టి ఇచ్చారు. మా మెకానిక్ మేస్త్రికి ఫోన్ చేశాను.

"బాబూ, ముందు ఇంజన్‌ను కట్టెయ్యి. లేవకుండా కట్టు, చాలు. మెల్లగా వచ్చెయ్యి" అన్నాడు.

ఒక లారీ డ్రైవరన్న టార్పాలిన్ బిగించే నైలాన్ బెల్టు ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. బ్రాకెట్‌ను క్రాస్ మెంబర్‌కు కట్టి, అమ్మను, నా భార్యను బస్సెక్కించి, నేను ఎడమ అంచునే మెల్లగా చెన్నై తిరిగొచ్చాను.

ఎందుకిలా అయిందో తర్వాత కూర్చుని అర్థం చేసుకున్నాను. క్రాంక్ ఒకవైపు తిరిగితే ఇంజన్ బాడీ రెండోవైపు వంగబోతుంది. ముందుకు వెళ్లేటప్పుడు ఎడమ మౌంటింగ్‌ను పైకి లాగుతుంది, కుడిదాన్ని కిందికి నొక్కుతుంది. రివర్స్‌లో దీనికి ఉల్టా. గేర్‌బాక్స్ కూడా ఇంజన్‌తో ఒకే ముక్క కాబట్టి కింది గేర్లలో ఆ లాగుడు ఇంకా ఎక్కువ. రబ్బరు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. అతుకు సరిగ్గా లేకపోతే అసలే ఆగదు. మా బండిలో యాక్సిలరేటర్‌కు పాత పద్ధతి రాడ్ ఉండేది. ఇంజన్ లేవగానే ఆ రాడ్ కార్బొరేటర్‌ను తెరిచేసింది.

ఇది మా ఒక్క బండికే జరిగింది కూడా కాదు. 1971 డిసెంబరులో అమెరికాలో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల బండ్లను ఈ కారణంతోనే వెనక్కి పిలిచింది. మౌంటింగ్ విడిపోవడం, ఇంజన్ లేచి థ్రాటిల్ తెరుచుకోవడం. వాళ్లు చేసిన మరమ్మతు ఏమిటంటే ఇంజన్ లేవకుండా ఒక ఉక్కు తాడు కట్టడం. తడ దగ్గర మా మేస్త్రి ఫోన్‌లో చెప్పింది కూడా అదే! ఆ మనిషి మీద నాకు గౌరవం రెట్టింపైంది.

తర్వాత కొంతకాలం పీయూ, అంటే పాలియురేథేన్ మౌంటింగ్‌లు వాడాను. ఇంజన్ అంగుళం కదల్లేదు. గేర్లు పడటం చాలా బాగుండేది, ఆ మాట చెప్పాలి. కానీ ఐడిల్‌లో డ్యాష్‌బోర్డు, అద్దాలు, డోర్ హ్యాండిళ్లు అన్నీ వణికేవి. నాలుగు సిలిండర్ల ఇంజన్ 800 ఆర్‌పీఎంలో సెకనుకు దాదాపు 27 సార్లు కొట్టుకుంటుంది. ఆ వణుకు బాడీకి చేరకూడదంటే రబ్బరు మీద ఇంజన్ సహజంగా ఊగే వేగం సెకనుకు 19 సార్ల లోపే ఉండాలి, ఎంత తక్కువైతే అంత మంచిది. గట్టి పీయూ ఆ వేగాన్ని పెంచేస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా అమ్మ నడుం నొప్పి అనేది. కొన్నాళ్లకు బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర సన్నని చీలిక కనిపించింది. తీసేశాను.

ఇక అసలు సంగతి. గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రబ్బరు భాగాలు మౌల్డింగ్ చేసే ఒక చిన్న యూనిట్ ఉందని మేస్త్రే చెప్పాడు. అక్కడి పెద్దాయన విరిగిన మౌంటింగ్ చేతిలోకి తీసుకుని, తమిళంలో ఒకే ప్రశ్న అడిగాడు: ఇది తెగితే ఇంజన్‌ను ఏది పట్టుకుంటుంది? ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే. కింది ప్లేటును గిన్నెలా వంచి దాని అంచు లోపలికి మడిచాడు. పై ప్లేటుకు టీ ఆకారంలో కొక్కెం వెల్డ్ చేసి ఆ అంచు కిందికి దూర్చాడు. మధ్యలో 55 షోర్ (రబ్బరు గట్టిదనానికి కొలత) సహజ రబ్బరు పోశాడు. మామూలుగా నడిచేటప్పుడు ఇనుము ఇనుమును తాకదు. రబ్బరు పూర్తిగా పోయినా ఇంజన్ కొద్దిగా లేచి అక్కడే ఆగిపోతుంది. డైకి, అంటే అచ్చుకు, 8,000, మౌంటింగ్‌ల జతకు 2,500 రూపాయలు తీసుకున్నాడు. అదే ఊపులో యాక్సిలరేటర్ రాడ్ తీసేసి కేబుల్ వేయించాను.

వేసిన రోజు సాయంత్రం అమ్మను ఎక్కించుకుని పూందమల్లి హైరోడ్డు మీద తిరిగాను. ఐడిల్ మొదటి మౌంటింగ్ అంత మెత్తగా లేదు, పీయూ అంత కఠినంగానూ లేదు. అప్పటినుంచి నెల్లూరు, తిరుపతి, ఒకసారి నిండా సామానుతో శ్రీశైలం ఘాట్ కూడా ఎక్కాం. ఘాట్ మలుపుల్లో రెండో గేర్‌లో తొక్కిన ప్రతిసారీ ఆ కొక్కెం గుర్తొచ్చి మనసు నిమ్మళంగా ఉండేది.

ఒకప్పుడు దీన్ని వేసి మర్చిపోవచ్చని అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత మాట అనను. ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ నుంచి కారే ఆయిల్ ఎడమవైపు రబ్బరు మీద పడి కాస్త ఉబ్బి మెత్తబడింది. సహజ రబ్బరుకు ఆయిల్ పడదు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు అయితే ఓర్చుకుంటుందని పెద్దాయన మొదటే అన్నాడు, కానీ నాకు ఐడిల్ మెత్తగా కావాలి కాబట్టి ఇది తీసుకున్నాను. ఎగ్జాస్ట్ వైపుది వేడికి పైన గట్టిపడింది. మధ్యలో రేకు అడ్డం పెట్టాక మరీ ముదరలేదు. ఇంజన్ కొన్ని మిల్లీమీటర్లు కిందికి దిగింది, ఫ్యాన్‌కు, కవర్‌కు మధ్య సందు కింద తగ్గింది. రివర్స్‌లో ఎత్తు ఎక్కితే చిన్న కుదుపు ఉంది. ఇవన్నీ ఏటా ఒకసారి బండి కింద పడుకుని చూసుకోవాల్సినవే.

బిగించేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోండి. రబ్బరు ఉండగా బ్రాకెట్‌కు వెల్డింగ్ చేయనివ్వకండి, ఆ వేడికి అతుకు పోతుంది. ఇంజన్ బరువు పూర్తిగా మౌంటింగ్‌ల మీద కూర్చున్నాక, స్టార్ట్ చేసి ఒకసారి ఊగనిచ్చాక, అప్పుడు బోల్టులు బిగించాలి. గేర్‌బాక్స్ వెనక మౌంటింగ్ పాతదైతే దాన్నీ మార్చండి. అది కుంగితే వెనక చక్రాలకు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, ముందు ఎంత మంచి రబ్బరు వేసినా కింద హోరు వస్తుంది. ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఎర్త్ పట్టీ తప్పనిసరి. రబ్బరు మీద కూర్చున్న ఇంజన్‌కు వేరే దారి లేక స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి పోతుంది. కేబుల్ కాలిపోయిన బండి ఒకటి మా మేస్త్రి దగ్గర కళ్లారా చూశాను.

నేను వారాంతాల్లో, అమ్మతో, ఏసీ లేని పెట్రోల్ బండి నడుపుతాను. నా లెక్కకు ఈ మౌంటింగే సరి. డీజిల్ ఇంజన్ పెట్టేవాళ్లకు ఇదే 55 షోర్ సరిపోతుందని నేను చెప్పలేను, ఆ వణుకు వేరు. ర్యాలీలకు తిప్పేవాళ్లకు పీయూనే నచ్చవచ్చు. వచ్చే జత నేను నియోప్రీన్‌లో చేయించి చూస్తాను, ఎడమవైపుకైనా. డై ఇంకా గిండీలోనే ఉంది. మార్క్ 4లో ఇదే ఇంజన్ వేసినవాళ్లకు పనికొస్తుంది. కానీ లేత్ షాపు బ్రాకెట్లు ఒక్కో బండికి ఒక్కో రకంగా వస్తాయి, బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.