ఆక్సోలాటల్ ఉన్నవాళ్ళు ఆ షాపు చేత ట్యాంక్ క్లీనింగ్ చేయించుకోకండి

వైజాగ్‌లో ఆక్సోలాటల్ (నీళ్ళలోనే బతికే, బల్లిలా కనబడే ఉభయచరం) పెంచేవాళ్ళలో చాలామంది ఆ షాపులోనే కొన్నారు. పేరు రాయను. ఇంటికొచ్చి ట్యాంక్ కడిగిపెట్టే సర్వీసు ఎవరిదో మీకు తెలుసు. వాళ్ళు శనివారం మా ఇంటికి వచ్చి వెళ్ళారు. గురువారం తెల్లవారుజామున మా జున్ను చనిపోయింది.

14 నెలల క్రితం వేలెడంత ఉన్నప్పుడు కొన్నాం. తెల్లగా ఉందని మా పాప ఆ పేరు పెట్టింది. అప్పటినుంచి అడుగున ఏమీ లేని ట్యాంకులోనే పెంచాం. ఈమధ్య 20 సెంటీమీటర్లు దాటాక గాజు మీద కాళ్ళు జారడం మొదలైంది. పెద్దదయింది కదా, పట్టు దొరికేలా సన్న ఇసుక వేయిద్దామనుకున్నాను. ఒక మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండాలని ఫోన్‌లో చెప్పాను, ముందురోజు షాపుకి వెళ్ళి ఏ ఇసుక కావాలో వేలు పెట్టి చూపించి మరీ వచ్చాను. ఇసుకకి 900, పనికి 1,800. మొత్తం ముందే ఇచ్చేశాను.

శనివారం నాది బి షిఫ్ట్. సెలవు పెట్టాల్సింది, పెట్టలేదు. ఇంట్లో అమ్మ ఉంది కదా అనుకున్నాను. క్లోరిన్ పోగొట్టే చుక్కల సీసా స్టాండ్ మీద పెట్టి, బకెట్‌కి ఎన్ని చుక్కలో అమ్మకి చెప్పి వెళ్ళాను.

రాత్రి పదిన్నరకి వచ్చేసరికి ట్యాంక్ అద్దంలా మెరుస్తోంది. అమ్మ సంతోషంగా "ఎంత శుభ్రంగా చేశాడో చూడు" అంది. నాకూ ఒక్క క్షణం ముచ్చటేసింది. తర్వాత జున్నుని చూశాను. మొప్పలు ముందుకి వంగిపోయి ఉన్నాయి, తోక చివర కొక్కెంలా తిరిగింది. ఆక్సోలాటల్ పెంచినవాళ్ళకి ఆ రెండూ చూస్తే చాలు, గుండె ఆగిపోతుంది. నీళ్ళలో చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి. థర్మామీటర్ 29 చూపిస్తోంది. మా ట్యాంక్ నీళ్ళు చల్లబరిచే చిల్లర్ మీద 17 డిగ్రీల్లో ఉంటుంది. ఎండకి కాగిన మేడమీది ట్యాంకు నీళ్ళు కుళాయిలోంచి పైపు పెట్టి నేరుగా నింపేశాడు. ఉన్న నీళ్ళన్నీ తీసేసి! మామూలుగా మేము వారానికి పావు వంతు మాత్రమే మారుస్తాం. అమ్మ చుక్కల సీసా చూపిస్తే "అక్కర్లేదు పెద్దమ్మా" అన్నాడట.

అడుగున ఉన్నది ఇసుక కాదు. తెల్ల రాళ్ళు, బియ్యపు గింజంత, కొన్ని అంతకన్నా పెద్దవి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇది తిండిని కొరికి తినే జీవి కాదు. నోరు తెరిచి, ముందున్నదాన్ని నీళ్ళతో సహా ఒక్కసారిగా లోపలికి పీల్చేస్తుంది. వానపాముతో పాటు పక్కనున్న రాయి కూడా వెళ్ళిపోతుంది. సన్న ఇసుక పెద్ద ఆక్సోలాటల్ పొట్టలోకి కొంచెం పోయినా మలంతో బయటికి వచ్చేస్తుంది. రాయి అలా సులువుగా రాదు, పేగులో అడ్డం పడొచ్చు. పైగా రాళ్ళ సందుల్లోకి మలం, తినగా మిగిలిన ముక్కలు జారిపోతే మనకి కనబడవు, అక్కడే కుళ్ళి, విషంలాంటి అమ్మోనియాని పెంచుతాయి. ఇసుక మీదైతే మలం పైనే ముద్దలా ఉంటుంది, రబ్బరు బల్బున్న పైపుతో రోజూ లాగేయొచ్చు.

ఇక ఫిల్టర్. స్పాంజి తీసి చూస్తే కొత్తదానిలా ఉంది. కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాడని అమ్మ చెప్పింది. మలం నుంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే. క్లోరిన్ నీళ్ళ కింద అలా పిండితే అది చస్తుంది. ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళలో ముంచి కొద్దిగా పిండితే సరిపోయే పని. ఆ బ్యాక్టీరియా పెరగడానికి నాకు ఆరు వారాలు పట్టింది, రోజూ టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ. ట్యాంకులు కడగడమే పనిగా ఉన్నవాళ్ళకి ఇది తెలియదంటే నేను నమ్మను.

ఆ రాత్రే జున్నుని వేరే డబ్బాలోకి మార్చాను. చుక్కలు కలిపిన నీళ్ళు, చుట్టూ ఐస్ సీసాలు పెట్టి మెల్లగా చల్లబరుస్తూ పొద్దున్నదాకా కూర్చున్నాను. కానీ అప్పటికే సాయంత్రం ఏడింటికి అమ్మ రోజూలాగే వానపాము వేసింది. ఆ రాళ్ళ మీదే. అమ్మకి ఏం తెలుసు?

ఆదివారం గుప్పెడు రాళ్ళు కవర్లో వేసుకుని షాపుకి వెళ్ళాను. పాప కూడా వస్తానంటే తీసుకెళ్ళాను, తప్పు చేశాను. ఓనరు రాళ్ళు చూసి "సన్నది స్టాకు లేదు సార్, అందుకే కుర్రాడు ఇది వేశాడు. ఏటైపోతాది?" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఎందుకంటే 14 నెలల క్రితం ఇదే కౌంటర్ దగ్గర నిలబడి ఇదే మనిషి నాకు చెప్పాడు: "అడుగున రాళ్ళు మాత్రం వెయ్యకండి సార్, మింగేస్తాది, చచ్చిపోద్ది." ఈ సంగతి నేను మొదట విన్నది అతని నోటి నుంచే. ఆ మాటే గుర్తు చేశాను. అతను తల కూడా ఎత్తకుండా "అమ్మేటప్పుడు చెప్తాం సార్, సర్వీసుకి వెళ్ళినప్పుడు అవన్నీ ఎక్కడ చూస్తాం" అన్నాడు. నేను గొంతు పెంచాను. అప్పుడన్నాడు, "నీళ్ళలో బల్లికి ఇంత గొడవేటండీ? పోతే చెప్పండి, సగం రేటుకి ఇంకో పిల్లనిస్తాను."

పాప నా చెయ్యి పట్టుకుని పక్కనే ఉంది. అప్పటికి జున్ను బతికే ఉంది. అతను గప్పీ చేపలు కొనడానికి వచ్చినవాళ్ళ వైపు తిరిగిపోయాడు. ఆరేళ్ళ పిల్ల దారంతా ఒకటే అడిగింది, "పోతే అంటే ఏంటి నాన్నా?" అని.

సోమవారం డాక్టరుగారు ఎక్స్‌రే తీస్తే పొట్టలో ఏడు రాళ్ళు కనబడ్డాయి. ఒంట్లో ఉన్న నీరసానికి ఆపరేషన్ తట్టుకోదన్నారు. ఆయన చెప్పినట్టే మూత ఉన్న డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో 6 డిగ్రీల దగ్గర పెట్టాం, రోజూ నీళ్ళన్నీ మార్చాం. మంగళవారం రాత్రి రెండు రాళ్ళు బయటికొచ్చాయి. ఆశ పడ్డాం. బుధవారం పొట్ట ఉబ్బింది. గురువారం నాలుగున్నరకి మూత తీస్తే కదలిక లేదు.

అమ్మ నిన్నటినుంచి సరిగ్గా అన్నం తినడం లేదు. "నేనే పెట్టాను రా" అంటోంది. తప్పు నీది కాదమ్మా, నాది, ఇంట్లో లేకుండా పోయిన నాది అని ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. డబ్బులు తిరిగి ఇవ్వమని మళ్ళీ ఫోన్ చేశాను. బిల్లులో "ఇసుక" అని రాసి రాళ్ళు వేశారు కదా అంటే ఫోన్ పెట్టేశారు. ఆ బిల్లు, ఎక్స్‌రే, రాళ్ళు అన్నీ దాచి ఉంచాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రాస్తున్నాను.

ఎవరి చేతైనా ఇసుక మార్పిస్తుంటే పక్కనే నిలబడండి. సంచి విప్పగానే వేళ్ళ మధ్య నలిపి చూడండి, రాయిలా తగిలితే వెనక్కి పంపేయండి. స్పాంజి ముట్టుకోనివ్వకండి. నీళ్ళు పోసే ముందు థర్మామీటర్ పెట్టి చూడండి. ఇసుక దొరక్కపోతే వట్టి గాజు మీదే ఉంచండి, కాళ్ళు కాస్త జారినా బతికుంటుంది. బీచ్ ఇసుక తెచ్చి పోసుకోమని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అందులో ఉప్పు, గవ్వ ముక్కలు ఉంటాయి, అసలొద్దు.

వాళ్ళ బండి ఈ ఆదివారం కూడా ఇళ్ళకి తిరుగుతుందట. ఆక్సోలాటల్ ఉన్నవాళ్ళు ఎవరైనా బుక్ చేసి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.