'పైథాన్ సపోర్ట్ ఉంది సార్' అంటే నమ్మి గేటు రీడరు కొనేవాళ్ళు, కాస్త ఆగండి

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను. గేటు రీడర్లు కొనేవాళ్ళకి చెప్పక్కర్లేదు కూడా. "పైథాన్, సీ షార్ప్, జావా, అన్నిటికీ ఎస్‌డీకే రెడీ" అని రోజూ వాట్సాప్ స్టేటస్ పెట్టే పెద్దమనిషే. (అవన్నీ ప్రోగ్రాములు రాసే భాషలు; ఎస్‌డీకే అంటే రీడరుని మన ప్రోగ్రాంతో కలపడానికి ఇచ్చే ఫైళ్ళు.) ఆర్‌ఎఫ్‌ఐడీ రీడరు, అంటే బండికున్న ట్యాగుని తాకకుండా రేడియోతో చదివే పెట్టె, 23,500 రూపాయలు. పైథాన్ ఫైలుకి విడిగా 6,000. రెండూ కట్టాను. బేరం కూడా ఆడలేదు, అంత తెలివి నాది.

మిర్యాలగూడ వైపు ఒక రైసు మిల్లుకి గేటు సాఫ్ట్‌వేర్ చేస్తున్నా. ధాన్యం ట్రాక్టరు గేటు దాటగానే ట్యాగు చదవాలి, నంబరూ టైమూ ఎక్కాలి, బండి కాటా మీదకి పోయేలోపు చీటీ రావాలి. అంతే పని. షాపులో డెమో చూపించారు: ఐదు ట్యాగులు, ఐదూ టకటకా పడ్డాయి. టీ కూడా ఇప్పించారు.

ఇంటికొచ్చాక మొదటి దెబ్బ: డీఎల్‌ఎల్ (రీడరుతో మాట్లాడే విండోస్ ఫైలు) 32 బిట్టుది. నా పైథాన్ 64. లోడ్ చేయగానే 'విన్ ఎర్రర్ 193'. ఈ ముక్క ముందు చెప్పొచ్చుగా? సరే, 32 బిట్ పైథాన్ వేసుకున్నా. పోనీలే అనుకున్నా.

అసలు కథ మిల్లులో. కోతల సీజను, పొద్దున్నే ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరాయి. ఏడు బండ్లు బాగానే పోయాయి. ఎనిమిదో బండికి నా ప్రోగ్రాం విండో మాయం. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, ఏమీ లేదు. మళ్ళీ తెరిచా. ఈసారి మూడు బండ్లకే పోయింది. ఇంకోసారి పదకొండు దాకా నడిచి, నేను హమ్మయ్య అనుకునేసరికి పోయింది. మిల్లు సేటు వచ్చి నా వెనకాల నిలబడి, "ఏందయ్యా, నీ కంప్యూటరుకు కూడ ఆకలైతదా, మజ్జల మజ్జల లేచిపోతున్నది?" అన్నాడు. హమాలీలు నవ్వారు. గుమస్తా నోట్‌బుక్ తీసి చేత్తో రాయడం మొదలుపెట్టాడు. ఆ నోట్‌బుక్ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

షాపుకి ఫోన్ చేస్తే సపోర్టు కుర్రాడు, "మా శాంపిల్ రన్ అవుతోంది కదా సార్, మీ కోడ్‌లో ఏదో ఉంది. మీకు పైథాన్ కొత్తా?" అన్నాడు. పదకొండేళ్ళుగా ఇదే తిండి పెడుతోందిరా నాయనా. అయినా ఆ మాట పట్టుకుని నాలుగు రాత్రులు నా కోడే తవ్వుకున్నా, వాళ్ళ ఫైలు తెరవకుండా. డబ్బు పోసి కొన్నది కదా, అందులో తప్పేముంటుందిలే అని. చెప్పుచ్చుకు కొట్టుకోవాలి నన్ను.

ఐదో రాత్రి ఫాల్ట్‌హ్యాండ్లర్ (ప్రోగ్రాం ఎక్కడ కూలిందో చెప్పే పైథాన్ పనిముట్టు) ఆన్ చేసి కన్సోల్‌లో, అంటే మెసేజ్‌లు కనపడే నల్ల విండోలో, నడిపితే 'యాక్సెస్ వయొలేషన్' అని పడింది: ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుందని. అప్పుడు తెరిచా ఆ ఆరు వేల ఫైలు. మొత్తం 140 లైన్లు. అందులో స్టార్ట్ ఫంక్షన్‌లో, నేనిచ్చిన ఫంక్షన్‌ని సీటైప్స్ కాల్‌బ్యాక్‌గా చుట్టి, ఆ చుట్టినదాన్ని ఏ పేరులోనూ పెట్టుకోకుండా, బ్రాకెట్ల మధ్యలోనే డీఎల్‌ఎల్‌కి అందించేశారు.

తెలియనివాళ్ళకి: సీటైప్స్ అంటే పైథాన్ నుంచి డీఎల్‌ఎల్‌ని పిలవడానికి వాడే లైబ్రరీ. కాల్‌బ్యాక్ అంటే ట్యాగు పడగానే డీఎల్‌ఎల్ తిరిగి పిలవాల్సిన మన ఫంక్షన్. డీఎల్‌ఎల్ దగ్గర ఉండేది దాని అడ్రసు మాత్రమే. పైథాన్‌కి ఆ సంగతి తెలియదు. తన వైపు ఆ వస్తువుని ఎవరూ పట్టుకోలేదు కాబట్టి, ఆ లైను అయిపోగానే చెత్తలోకి తోసేస్తుంది. ట్యాగు పడితే ఈ నంబరుకి కొట్టు అని చెప్పి, ఆ సిమ్ మనమే పారేసినట్టు. నంబరు ఇంకొకరికి వెళ్ళేదాకా మోగుతున్నట్టే ఉంటుంది. ఆ మెమరీని వేరే పనికి వాడుకున్న క్షణాన ఫోన్ ఎవరింట్లోనో మోగుతుంది, మన విండో మాయం. ఒకసారి మూడు, ఒకసారి పదకొండు, అందుకే. వాళ్ళ ఉచిత శాంపిల్ ఎందుకు నడిచింది? అందులో కాల్‌బ్యాక్ ఫైలు పైనే ఒక పేరులో ఉంది, ప్రోగ్రాం ముగిసేదాకా బతికే ఉంటుంది. ఉచితంగా ఇచ్చింది సరైనది, డబ్బు తీసుకున్నది దొంగది!

సీటైప్స్ 2006లో, 2.5 వెర్షన్‌తో పైథాన్‌లోకి వచ్చింది. దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది: సీ కోడ్ వాడుకున్నంత సేపూ కాల్‌బ్యాక్‌ని మీరే పట్టుకుని ఉండండి, మేం పట్టుకోం, లేదంటే ప్రోగ్రాం కూలుతుంది అని. అది నేనూ చదివినవాణ్ణే. చదివి మర్చిపోయినవాణ్ణి.

ఇక్కడిదాకా అయితే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. తప్పులు అందరం చేస్తాం. నేనే ఫోన్ చేసి ఇరవై నిమిషాలు ఆ కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పి, సరిచేసిన లైను వాట్సాప్‌లో పంపాను. నా అలవాటు ప్రకారం ఆ వేరియబుల్‌కి 'పోనీయకు' అని పేరు పెట్టా, ఇంగ్లీషు అక్షరాల్లో. "థాంక్యూ సార్, మీలాంటివాళ్ళు ఉండాలి సార్" అన్నాడు. పొంగిపోయా.

నిన్న షాపు నుంచి మెసేజ్: పైథాన్ ఎస్‌డీకే 2.1 వచ్చింది, 'స్టెబిలిటీ పెంచాం', 2,500 ప్లస్ జీఎస్టీ. ఓనర్‌కే ఫోన్ చేశా. "అది నేను పంపిందే కదండీ" అంటే, తొణకకుండా, "మీరు ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) లేరు కదా సార్, అప్‌డేట్ ఫ్రీగా ఎలా ఇస్తాం?" అన్నాడు. నా లైను నాకే అమ్ముతున్నాడు, జీఎస్టీతో! పోయిన వారం ఇదే రీడరు కొన్న ఒకాయన ఆ డబ్బు కట్టాడట, తన ఫైలు తెరిచి చూపించాడు. ఫైలు నెత్తిన వాళ్ళ కాపీరైటు. కిందికి వస్తే, 'పోనీయకు'. మార్చాలన్న సిగ్గు కూడా లేదు. కనీసం ఆ తెలుగు మాటకి అర్థం తెలిసినా తీసేసేవాళ్ళేమో.

పైగా 2.1లో కూడా ఇంకో గుంట అలాగే ఉంది. కాల్‌బ్యాక్ డీఎల్‌ఎల్ సొంత థ్రెడ్ (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) నుంచి వస్తుంది. అందులోంచి నేరుగా ఎస్‌క్యూలైట్ డేటాబేసులో రాస్తే, కనెక్షన్ తెరిచింది వేరే థ్రెడ్ కాబట్టి ఎర్రర్ వస్తుంది. ఆ ఎర్రర్‌ని సీటైప్స్ కన్సోల్ మీద అచ్చు వేసి వదిలేస్తుంది, ప్రోగ్రాం ఆగదు. నేనేమో కన్సోల్ కనపడకుండా పైథాన్‌డబ్ల్యూతో నడిపే మేధావిని. రెండు బండ్లు అలా గాల్లో కలిశాయి. ఇది మాత్రం ఫోన్ చేసి చెప్పదలుచుకోలేదు. 2.2కి వాళ్ళే డబ్బు ఖర్చుపెట్టుకోనీ.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు: డెమో ఐదు ట్యాగులతో కాదు, మీ ల్యాప్‌టాప్ మీద, వాళ్ళు అమ్మే ఫైలుతోనే గంటసేపు నడిపించండి. కాల్‌బ్యాక్‌ని ఎక్కడ దాచుకున్నారో ఫైలు తెరిచి చూడండి. కాల్‌బ్యాక్‌లో డేటాని క్యూలో పడేసి వచ్చేయండి, మిగతా పని మెయిన్ థ్రెడ్‌లో. 32 బిట్టా 64 బిట్టా బిల్లు మీద రాయించుకోండి.

గుమస్తా నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. చేత్తో రాసిన బండ్లు 43, అన్నీ తెల్లారేలోపు సిస్టంలో ఎక్కించాలి. 17 అయ్యాయి.