వెన్నులో రాడ్లు, నడుముకి టెన్స్ మెషీన్: ఆరేళ్ళు వాడాక

నాకు పదమూడో ఏట స్కోలియోసిస్ ఆపరేషన్ అయింది. వెన్ను పక్కకి వంకర తిరిగిపోతుంటే రెండు రాడ్లు, స్క్రూలు వేసి వీపు పైనుంచి నడుము దాకా పూసల్ని ఒకదానికొకటి అతికించేశారు. పదేళ్ళకి పైగా ఆ సంగతే మర్చిపోయాను. ఇరవై ఆరు దాటాక నడుము కింద మొదలైన నొప్పి మాత్రం ఇక వదల్లేదు. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఎక్స్‌రే చూసి "రాడ్లు బాగానే ఉన్నాయి కదా" అనేవాళ్ళు. రాడ్లు బాగానే ఉన్నాయి సరే, బాగాలేనిది నేను! ఆ విసుగులో ఉండగా ఫిజియోథెరపిస్ట్ చెబితే టెన్స్ మెషీన్ (కరెంటుతో నొప్పి తగ్గించేది) కొన్నాను.

అరచేతిలో పట్టే డబ్బా, రెండు వైర్లు, నాలుగు జిగురు ప్యాడ్లు, అంతే. చర్మం మీద నుంచి కొద్దిపాటి కరెంటు పంపిస్తే చీమలు పాకినట్టు ఉంటుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో చెప్పిన గేట్ సిద్ధాంతం దీనికి ఆధారం: స్పర్శ కబుర్లు గట్టిగా వెళ్తుంటే వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందని. దెబ్బ తగిలిన చోట రుద్దుకుంటామే, అలాంటిదే.

నాకు పనిచేసింది, కానీ ఆన్‌లో ఉన్నంతసేపు, ఆ తర్వాత ఇంకో గంట. ఎక్కువసేపు కూర్చోవాల్సిన రోజున ఆ గంట కూడా తక్కువేం కాదు. కొన్ని నెలలకి ఒంటికి అలవాటైపోయి 100 హెర్ట్జ్ (సెకనుకి వంద తాకిళ్ళు) దగ్గర ఏమీ అనిపించకుండా పోయింది, అప్పటి నుంచి ఫ్రీక్వెన్సీ మారుస్తూ, మధ్యలో రెండ్రోజులు ఆపేస్తూ వాడుతున్నాను.

ఆపరేషన్ అయినవాళ్ళకి ఒక్క మాట. నా మచ్చ చుట్టూ చర్మం మొద్దుబారి ఉంటుంది. మొదటి వారంలో సరిగ్గా అక్కడే ప్యాడ్ అంటించి, ఏమీ తెలియట్లేదని పెంచుకుంటూ పోయాను, తీసి చూస్తే ఎర్రగా కమిలిపోయింది. స్పర్శ సరిగా లేని చోట పెట్టకూడదని మాన్యువల్లోనే ఉంది, చదవనిది నేనే. లోపల లోహం ఉంది కాబట్టి సర్జన్‌ని అడిగాకే మొదలుపెట్టండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దీని జోలికే వెళ్ళొద్దు.

ప్యాడ్ల జిగురు తొందరగా పోతుంది, కాస్త తడి చేస్తే ఇంకొన్నిసార్లు వస్తుంది. వైర్లు పిన్ను మొదట్లోనే తెగుతాయి, ఇప్పుడు వాడేది మూడో జత.

ఇక నా అసలు ఫిర్యాదు మెషీన్ మీద కాదు, నా మీదే. కాస్త తగ్గుతోంది కదా అని నాలుగేళ్ళు కారణం వెతకడం మానేశాను. బ్రిటన్‌లో ఏ వైద్యం ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో నడుము నొప్పికి టెన్స్ ఇవ్వొద్దనే రాసిందని కూడా ఆ తర్వాతే తెలిసింది. చివరికి ఒక వెన్ను సర్జన్ నన్ను నిలబెట్టి మెడ నుంచి తుంటి దాకా, ముందు నుంచీ పక్క నుంచీ ఎక్స్‌రే తీయించారు. అంతకుముందు తీసినవన్నీ పడుకోబెట్టి తీసినవే. ఎంఆర్ఐలో లోహం వల్ల బొమ్మ చెదిరిపోతే సీటీ కూడా చేయించారు. పూసలు గట్టిగానే అతుక్కున్నాయి. కానీ ఆ అతుకు ఎల్4 (నడుము పూసల్లో పైనుంచి నాలుగోది) దగ్గర ఆగింది, దాని కింద మిగిలిన రెండు డిస్కులే వంగడం, తిరగడం అంతా మోస్తున్నాయి, అందులో ఒకటి అరిగిపోయింది. అంటే ఇన్నేళ్ళూ అందరూ రాడ్లున్న చోటే చూశారు, నొప్పేమో రాడ్లు లేని చోట.

ఆయన మొదట అడిగింది "ఏ పూస నుంచి ఏ పూస దాకా కలిపారు?" అని. నా దగ్గర జవాబు లేదు, చిన్నప్పటి ఆపరేషన్ కాగితాలు ఎప్పుడో పోయాయి. మీవి ఉంటే ఇప్పుడే ఫొటో తీసి పెట్టుకోండి. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు పోయినా ప్యాడ్లు పక్కన పడేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు పొట్ట, తుంటి కండరాలకి రోజూ వ్యాయామం చేస్తున్నాను, మెషీన్ వారానికి రెండు మూడుసార్లే బయటికొస్తుంది. మెషీన్‌కి ఐదుకి మూడు మార్కులు వేస్తాను, వైర్లు గట్టివి ఇచ్చుంటే ఇంకో అర కలిపేవాణ్ణి.